నాయిన కుట్టిన పుస్తకం

బొటనవేలు చాపితే చాలు, నోరు తెరిచే పనే లేదు అన్నాడు వెంకట్రాజం బావ. అని, సారంగపాణి మోకాలి మీద ఒక చరుపు చరిచి, ఠాణా గేటు బయట చాయ్ బండి దగ్గరికి పోయి నిలబడ్డాడు. బల్ల మీద కూర్చున్నవాడికి తాను కనపడాలి, లోపలివాళ్ళు పిలిస్తే తనకు వినపడకూడదు, సరిగ్గా అంత దూరంలో. అది బావ తెలివి. అక్కను చేసుకున్న నాటినుంచి ఆ తెలివితోనే నెట్టుకొచ్చాడు, చేనేత సంఘంలో గుమాస్తా అయ్యాడు, ఎవరితోనూ ఒక మాట పడలేదు. కొత్తవాడ నుంచి ఇక్కడిదాకా సైకిల్ తొక్కుతూ, వెనక కూర్చున్న సారంగపాణికి చెప్పిందే చెప్పాడు. "నీకు చదువు రాదు. ఏం రాదు? చదువు. మీ నాయినకు రాలే, మీ తాతకు రాలే, నీకెక్కడికెళ్లి వస్తది? గా పుస్తకాలు ఏందంటే, పొయ్యి ముట్టిచ్చెటందుకు తూకానికి కొన్న పాత కాయిదాలు. జమేదారుతోని మాట్లాడిన. కాయిదం రాసిపెడతడు, ఏలుముద్దరేసి వస్తవు. పొద్దుగూకేవరకు మగ్గం గుంటల కూసుంటవు. సమజైందా బామ్మర్దీ?" సమజ్ కాకపోవడానికి ఏముంది. చదువు రానివాడింట్లో పుస్తకం అంటే గుడ్డివాడింట్లో అద్దం. చూసి ఎవడూ భయపడడు.

భయపడ్డారు మరి పొద్దున. తెల్లవారేసరికి వాడ గోడల మీద ఎవరో ఎర్ర అక్షరాల పోస్టర్లు అంటించి పోయారు, బువ్వ తినే యాళ్ళకల్లా ఇంటింటికీ సోదాలు మొదలయ్యాయి. పడుచు కానిస్టేబులొకడు అటక మీద చెయ్యి పెట్టి, పామును తడిమినవాడిలాగా వెనక్కి లాక్కుని, "సార్, ఎర్ర పుస్తకాలు!" అని అరిచాడు. అన్నీ ఎర్రవే. ఎందుకు ఎర్రగా ఉన్నాయని ఒక్కడూ అడగలేదు. అడిగితే సారంగపాణి చెప్పేవాడే. జంపఖానాకు ఎర్ర పట్టీ వెయ్యగా మిగిలిన నూలుతో నాయిన బట్ట నేసి అట్టలు కట్టాడు గనక ఎర్రవి. ఆ ఏడు నీలం నూలు మిగిలి ఉంటే నీలంవే అయ్యేవి, అప్పుడు ఈ ఠాణా మొహం చూసే యోగం ఉండేది కాదు. పెండ్లాం అనసూయ మాత్రం జీపు దాకా ఉరికింది. మొగుణ్ణి వెనకాలే ఠాణాకు రమ్మన్నారని భయపడలేదు, జీపులోకి విసిరిన కట్టను చూపించి ఆ కానిస్టేబులుతో, "అన్నా, పైది నేను సగంల ఉన్న, పుట మలిచిపెట్టిన. గా మడత ఊడగొట్టకుండ్రి" అన్నది. ఆ పిలగాడు సరేనక్కా అన్నాడు. ఇప్పుడు తలచుకుంటే నవ్వొస్తున్నది, కాని తలుపు సందులోంచి సిరా డబ్బా కనపడుతున్నది.

రేకు డబ్బా, మూత తీసి ఉంది, ఊదారంగు మెత్త మీద ఒక ఈగ వాలి కాళ్ళు తుడుచుకుంటున్నది. నాయిన వేలు గుర్తొచ్చింది. నాయిన కుడి బొటనవేలికి గీతలు లేవు. నలభై ఏండ్లు నూలు నడిచిన దారి అది, నున్నగా, వాగులో గులకరాయిలాగా అయిపోయింది. ఎక్కడ ముద్ర వేసినా ఊదారంగు మచ్చ పడేది, అంతే. సంఘం ఆఫీసులో పెత్తనం చేసే కిషన్ రావు దొర ఆ మచ్చను వెలుతురుకు పెట్టి చూసి, "ఏం ముద్దరరా ఇది, నువ్వున్నవా లేవా?" అనేవాడు, చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వేవాళ్ళు, నాయిన కూడా నవ్వేవాడు. ఆ నవ్వు చూడలేక చిన్న సారంగపాణి గుమ్మం బయటికి పోయి నిలబడేవాడు. ఇప్పుడు బల్ల మీద తన వేలు ఎత్తి చూసుకున్నాడు. గీతలు ఇంకా ఉన్నాయి గాని అంచుల్లో చెరిగిపోతున్నాయి. ఇంకో పదేండ్లు మగ్గం నడిస్తే ఇదీ మచ్చే. అప్పుడు వెయ్యొచ్చేమో ముద్ర. ఇప్పుడు వేస్తే ఎట్లా? ఏమవుతుంది వేస్తే? ఏమీ కాదు, ఇంటికి పోతాడు. పక్క గల్లీ మొగిలమ్మ కొడుకు పోయినేడు ఇట్లాగే వచ్చి కూర్చున్నాడు ఈ బల్ల మీదనే, నాలుగు రోజులకు తిరిగొచ్చాడు, నడక మారిపోయి వచ్చాడు. ఎవరేమడిగినా మెట్ల మీంచి పడ్డానంటాడు. మొగిలమ్మ ఇంటికి మెట్లే లేవు.

లోపల గోడ పక్కన కొబ్బరితాడుతో కట్టి పడేసి ఉన్నాయి పుస్తకాలు, పైదాని మడత ఊడలేదు. ఆ పిలగాడు మాట నిలబెట్టుకున్నాడు. అడుగున ఉన్నది మందంగా, వంకరగా, ఒక పక్క ఉబ్బి, గర్భిణిలాగా ఉంది. అదే. ఇక్కడినుంచి చూసినా అదే అని తెలుస్తుంది. తన చిన్నప్పుడు, నెక్కొండకు అవతల ఊళ్ళో, రైలు కూత వినపడుతుంది గాని రైలు కనపడని ఊళ్ళో, ఒకటే గదిలో ఒకటే బడి. జ్ఞానప్రకాశం సారు పొద్దున ప్యాసింజరు దిగి, చేతిలో టిఫిన్ డబ్బాతో పొలం గట్ల వెంట నడిచి వచ్చేవాడు. ఎక్కడో మూతబడ్డ బడిలోంచి ఒక చెక్కపెట్టె తెచ్చి పెట్టాడు, నిండా పిల్లల పుస్తకాలు. చేతులు కడుక్కున్నోడికి ఒక పుస్తకం అనేవాడు, కడుక్కున్న చేతులను వాసన చూసి మరీ ఇచ్చేవాడు. ఆ ఏడు వానలకు గూనపెంకులు జారి పెట్టె నానిపోయింది. అట్టలు ఉబ్బి ఊడిపోయాయి, కుట్లు కుళ్ళిపోయాయి, పుటలన్నీ ఒక్క ముద్ద. సారు ఆ పెట్టె ముందు కూర్చుని టోపీ తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు, ఎవరో పోయినప్పటిలాగా. అప్పుడు నాయిన, బడిలో ఎన్నడూ అడుగుపెట్టనివాడు, గడప బయటే నిలబడి, "ఆరబెడదాం సారూ, నూలు తడిస్తె ఆరబెడ్తలేమా?" అన్నాడు.

వీధి పొడుగునా సాగదీసి కట్టిన పడుగు మీద, పోగుల మీద ఒక్కొక్క పుటా పరిచారు. ఊరు ఊరంతా వచ్చి చూసింది. మేకలను తోలడానికి సారంగపాణి కట్టె పట్టుకుని అటొకసారి ఇటొకసారి ఉరుకుతూ, ఉరికే దారిలో ఒక్కో పుటలో ఒక్కో ముక్క చదివాడు. ఏనుగు అన్నదీ, అప్పుడు సముద్రం, వద్దమ్మా నేను రాను, పువ్వులలో తేనె. కథలు అట్లా ఎండలో, ఒకదానిలోంచి ఇంకొకదానిలోకి దూకుతూ కళ్ళలో పడ్డాయి. ఆరిన తరువాత వాటిని పోగుచేసి కుట్టింది నాయిన, నేతగాడి కుట్టు, ఏనుగు లాగినా ఊడదు. కాని అక్షరం రాదు. పుట మీద అంకె ఉంటుందని కూడా తెలియదు. కొలత చూసి కుట్టాడు. కాగితం పొడుగు, వెడల్పు, రంగు, చేతికి తగిలే గరుకు. ఒక మగ్గం మీది బట్ట ఒక తీరుగా ఉంటుంది గదా, ఒక పుస్తకం కాగితం ఒక తీరుగా ఉంటుందనుకున్నాడు. ఎవరనుకోరు? రెండు పుస్తకాలు మాత్రం ఒకే అచ్చాఫీసువి, ఒకే కాగితం, ఒకే కొలత. ఒకటి రాజు కథ, ఇంకొకటి తేనెటీగల సంగతి. సగం ఇందులోకి, సగం అందులోకి.

సాయంత్రాలు మగ్గం గుంట అంచున కూర్చుని సారంగపాణి చదివేవాడు, గుంటలో నాయిన వినేవాడు. కరువొచ్చిన ఏడు రైతులు శిస్తు కట్టలేకపోయారు. రాజు భటులతో ఊరి మీదికి వచ్చాడు. రైతులు చేతులు కట్టుకుని నిలబడ్డారు. రాజు కొరడా పైకెత్తాడు. పుట తిప్పితే: ఆ క్షణమే అన్నీ ఒక్కటిగా లేస్తాయి, ఎదుట ఉన్నది ఎవరని చూడవు, పారిపోయేదాకా వదలవు. ఆ తరువాత రాజు మళ్ళీ లేడు. అరలు కట్టుకోవడం ఉంది, ఎండకాలం నీళ్ళు తెచ్చి తేనెపట్టును చల్లబరచుకోవడం ఉంది, పూలు ఎక్కడున్నాయో ఆడి చూపించడం ఉంది. నాయిన చేతిలో పంజా, పేకను కొట్టి బిగించే ఆ ఇనుప దువ్వెన, ఆగిపోయింది. "రాజేమైండు?" "ఉరికిండు నాయినా." "ఎటు దిక్కు?" "రాయలే. మళ్ల రాలే." నాయిన పంజా కింద పెట్టి నవ్విన నవ్వు, సంఘం ఆఫీసులో నవ్వినది కాదు, అది వేరే మనిషి నవ్వు, గుంట గోడలకు తగిలి మోగింది. "మళ్ల చదువు బిడ్డా. కొరడ కాడికెళ్లి చదువు." రోజూ అక్కడికి వచ్చేసరికి పంజా దెబ్బ గట్టిగా పడేది. ఆ కాలంలో నేసిన జంపఖానాల్లో అక్కడక్కడ ఒక జానెడు మేర నేత ఇనుములాగా బిగిసి ఉండేది. ఎవరో పెండ్లిలో పరుచుకుని దాని మీద కూర్చుని విస్తట్లో వడ్డించుకుని తిని ఉంటారు, తమ కింద ఒక రాజు పారిపోతున్నాడని వాళ్ళకు తెలియదు. రెండో పుస్తకం మాత్రం నాయిన ఒక్కసారే విన్నాడు. అందులో తేనెటీగలు వసంతమంతా తిరిగి తిరిగి బొట్టు బొట్టు కూడబెడతాయి, పుట తిప్పితే రాజు ప్రసన్నుడై తప్పు క్షమించి అందరికీ పట్టెడన్నం పెట్టిస్తాడు, అందరూ కాళ్ళకు మొక్కుతారు. "ఇది పక్కకు పెట్టు. ఇది రోజు చూసేదే" అన్నాడు నాయిన.

సారు ఒకనాడు ఆ మొదటి పుస్తకం చదివి చూసి, దగ్గొచ్చేదాకా నవ్వాడు. పక్కనున్న పిల్లలకు చూపించాడు. బ్లేడు తీశాడు, కుట్లు విప్పుతా, అంకెల వరుసన పెట్టి కుట్టుకుందాం అన్నాడు. సారంగపాణి పుస్తకాన్ని పొట్టకు అదుముకున్నాడు. అంతవరకు సారు మాటకు ఎదురు చెప్పినవాడు కాదు. "వద్దు సార్." "అసలు కథ ఇది కాదురా పిచ్చోడా. రైతులు తప్పయిందంటరు, రాజు సరేనంటడు, అది కథ." "ఎవరు చెప్పిన్రు?" "రాసినాయన చెప్పిండు." "మా నాయిన గిట్ల చెప్పిండు." సారు బ్లేడును వేళ్ళ మధ్య తిప్పాడు, తిడతాడేమో అనుకున్నాడు, చేతి మీద కొడతాడేమో అనుకుని పుస్తకం వదలకుండానే ఒక చెయ్యి చాపాడు కూడా. సారు బ్లేడును కాగితంలో మడిచి ఆ చెయ్యి మీద పెట్టి, "పెన్సిల్ చెక్కుకో" అన్నాడు. అంతే. ఆయన బదిలీ అయి ములుగు అడవి దిక్కు పోయేనాడు పెట్టెతో సహా అన్నీ ఇచ్చి పోయాడు. ఇప్పుడు ఎక్కడున్నాడో. ఇంకా రైలు దిగి నడుస్తున్నాడేమో, చేతులు వాసన చూస్తున్నాడేమో. ఎవరిచ్చారని అడుగుతారు లోపల. చెప్పడు. ఆ ఒక్క పేరు మాత్రం పళ్ళు ఊడగొట్టినా చెప్పడు.

పెండ్లయిన కొత్తలో అనసూయ అడిగింది, అందరు ఊకున్న కాడ నువ్వెందుకు ఊకోవని. ఆమె అడిగింది తీర్మానం సంగతి. సంఘం మీటింగులో పైనుంచి వచ్చిన రాజేశ్వర్ రావు గంటసేపు మాట్లాడి, తీర్మానం పాసైంది, చప్పట్లు కొట్టండి అంటే, అందరూ కొడుతుంటే, రాసింది ఒకసారి చదివి వినిపించుండ్రి అన్నది తనొక్కడే. దాన్ని చదివేసరికి, నేతకూలి తగ్గించారని తెలిసి, చప్పట్లు ఆగిపోయాయి. ఆ రాత్రి బావ ఇంటికొచ్చి తల పట్టుకున్నాడు, "నీకు పురుగు కుట్టిందిరా" అన్నాడు. పురుగే కుట్టింది. బావకు తెలియక అన్నాడు గాని ఎనిమిదో ఏట కుట్టింది, దాని వాపు ఇంకా దిగలేదు. రాజు కొరడా ఎత్తితే ఏం జరుగుతుందో మనసులో అచ్చుపడిపోయినవాడు, పెద్దయ్యాక ఎన్ని అంకెల వరుసలు చూపించినా నమ్మడు. లోకంలో రెండో పుస్తకమే నడుస్తున్నదని సారంగపాణికి తెలియక కాదు. రోజూ చూసేదే. కాని మొదటిది కూడా ఉంది, అటక మీద ఉంది, తాను చదివాడు. పొద్దున సందులో ఉండే మల్లక్క, కొడుకు సిరిసిల్ల నుంచి రాసిన జాబు చదివి పెట్టమని తెచ్చి పోలీసులను చూసి వెనక్కి పోయింది. రేపు మళ్ళీ తెస్తుంది. నాకు చదువు రాదు మల్లక్కా, నిన్న ఠాణాల ఏలుముద్దరేసిన, నిన్నటికెళ్లి రాదు అనాలా? అనసూయకు మగ్గం పలక మీద సుద్దతో అక్షరాలు దిద్దించిన చెయ్యి ఇది. ఈ చెయ్యి ఎవరిది అంటే ఏం చెప్పాలి? ఈగ సిరా మీంచి లేచిపోయింది. లోపల కుర్చీ జరిగిన చప్పుడు. భయం వేస్తున్నది, వెయ్యకపోవడమేమిటి. నడక మారిపోతుందేమో. మారితే మారుతుంది, గుంటలో కూర్చునేవాడికి నడకతో ఏం పని.

జమేదారు యాకయ్య వచ్చి భుజం తట్టాడు. "రా. సారు ఏమడిగినా తలకాయ ఊపు. నువ్వు మాట్లాడకు, నేను మాట్లాడ్త" అన్నాడు, చెడ్డ గొంతుతో కాదు. లోపల కుర్చీలో ఇన్‌స్పెక్టరు, ఎటువైపువాడో, మాట ఈ దిక్కు తీరుగా లేదు. సారంగపాణి ఆలోచనల్లో ఉండగా కట్టలోంచి లాగినట్టున్నారు, ఆయన చేతిలో ఆ ఉబ్బిన పుస్తకం తెరిచి ఉంది, మధ్యలో అగ్గిపుల్ల పెట్టి ఉంది.

"పేరు?"

"సారంగపాణి సార్, జంపఖానాలు నేస్తడు," అన్నాడు యాకయ్య. "చదువు రాదు. తూకానికి కొన్నడట. కాయిదం రాసి పెట్టిన."

"రాకపోవడమే మంచిది," అన్నాడు ఇన్‌స్పెక్టరు. "ఇది చూశావా? రాజు కొరడా పైకెత్తాడు అంటాడు. వెంటనే, అన్నీ ఒక్కటిగా లేస్తాయి, పారిపోయేదాకా వదలవు అంటాడు. పైకి చూస్తే పిల్లల పుస్తకం. వీళ్ళ తెలివి ఎంతవరకు వచ్చిందో చూడు. సరే, వీడికేం తెలుస్తుంది. ముద్ర వేయించి పంపించు. ఇవి వెనకాల తగలబెట్టించు."

యాకయ్య మణికట్టు పట్టుకుని వేలిని సిరా మీదికి తెచ్చాడు. చల్లగా తగిలింది. కాగితం బల్ల మీద ఎదురుగానే ఉంది, తలకిందులుగా ఉంది, అయినా కళ్ళు ఊరుకోవు గదా, చదివేశాయి. నాకు చదవను, వ్రాయను రాదు. సారంగపాణి చెయ్యి వెనక్కి గుంజుకుని ఆ సిరాను తన వెంట్రుకలకు తుడుచుకున్నాడు.

"వస్తది సార్."

"ఏమిటి?"

"చదువు. నాకు చదువొస్తది. కాయిదంల తప్పు రాసిండ్రు."

యాకయ్య కాలు తొక్కాడు. గట్టిగానే తొక్కాడు. ఇన్‌స్పెక్టరు పుస్తకం మూసి, వేలు లోపలే ఉంచుకుని, మొదటిసారి తలెత్తి చూశాడు.

"అయితే ఇది చదివావన్న మాట."

"శానసార్లు."

"దీన్ని ఇట్లా తయారుచేసింది ఎవడు?"

"మా నాయిన సార్."

"ఎక్కడ చదువుకున్నాడు?"

"ఒక్క అక్షరం రాదు. గందుకే గిట్లయింది. రెండు పుస్తకాల పుటలు కలిసిపోయినయి. రాజుది, తేనెటీగలది."

"పిలిపించు వాడిని."

"పోయిండు సార్. రెండేండ్లాయె."

ఫ్యాను తిరుగుతున్నది. ఇన్‌స్పెక్టరు పుట వెనక్కి తిప్పాడు, ముందుకు తిప్పాడు, పుట కింద ఉన్న అంకెలు చూశాడు, అంకెల వెంట వేలు నడిచి ఒకచోట ఆగింది. ఆయనకు నవ్వొచ్చిందో కోపమొచ్చిందో ఆ మొహంలో తెలియలేదు.

"మరి అసలు కథ ఏమిటి?"

"అసలుదాని కడమ సగం గూడ ఉన్నది సార్, గా కట్టలనే. ఈగలు కూడబెడ్తయి, పెట్టింది రాజని మొక్కుతరు. మా నాయినకు నచ్చలే."

యాకయ్య దగ్గాడు. అది దగ్గు కాదు. ఇన్‌స్పెక్టరు అతని వైపు చూసేసరికి నిజంగా దగ్గడం మొదలుపెట్టాడు.

"నువ్వు ముద్ర వేసి ఉంటే ఈపాటికి ఇంట్లో ఉండేవాడివి," అన్నాడు ఇన్‌స్పెక్టరు నెమ్మదిగా. "అది తెలుసా?"

"తెలుసు సార్. కాయిదం మార్చి రాపియ్యుండ్రి. పుస్తకాలు నాయి, చదివిన, అని రాస్తె ఏలుముద్దర గాదు, దస్కతు పెడ్త. తగలబెడ్తె గా మాట గూడ రాయాలె."

"బయట కూర్చోబెట్టు వీడిని. ఇవాళ పోవడం లేదు. ఇవి ఇక్కడే ఉండనీ," అని పుస్తకం తన బల్ల మీదనే, చేతికి అందేచోట పెట్టుకున్నాడు ఆయన. అగ్గిపుల్ల తీసెయ్యలేదు.

బల్ల మీద మళ్ళీ కూర్చుని వేలికి మిగిలిన సిరాను చూసుకున్నాడు. గేటు దగ్గరినుంచి వెంకట్రాజం బావ సైకిల్ అక్కడే పడేసి ఉరికి వచ్చాడు, వసారా కటకటాల అవతల నిలబడి, "ఏసినవా?" అన్నాడు. సారంగపాణి తల అడ్డంగా ఊపాడు. బావ మొహంలో నెత్తురు దిగిపోయింది. "పిచ్చి లేసిందారా నీకు! రాత్రి ఉంచుకుంటరు. ఎన్ని రోజులుంచుకుంటరో ఆ దేవునికెరుక. మీ అక్కకు ఏం చెప్పాలె, అనసూయకు ఏం చెప్పాలె నేను?" కళ్ళు తుడుచుకున్నాడు, ముక్కు చీదాడు, చుట్టూ చూసి గొంతు తగ్గించాడు. ఎంతైనా అక్క మొగుడు. "సరే తియ్యి, అయిందేదో అయింది. అన్నం తెస్త. దుప్పటి తెస్త. ఇంకేం గావాలె చెప్పు జల్ది."

ఎండ వసారాలోకి సగం దాకా వచ్చింది. సాయంత్రం దూరమే, రాత్రి ఇంకా దూరం.

"చదువనీకి ఏమన్న తే బావా," అన్నాడు. "జర లావుది తే."